నాలుగో అంతస్తు, సముద్రం వైపు గది

"కాగితాలే కదా నోయెమీ, నువ్వెళ్ళి సంతకం పెట్టిరా," అన్నాడు మా ఆయన ఎఫ్రేన్. హోటల్ ముందు వ్యాను ఆపాడు గాని ఇంజను ఆపలేదు.

మా ఇంట్లో కాగితాలన్నీ నావే. గ్యాసు కనెక్షను, కరెంటు ఫిర్యాదు, అత్తగారి పింఛను, మా ఆయన ఫ్రిజ్‌ రిపేరు కొట్టు పన్ను, పిల్ల బడి. ఎక్కడ వరస ఉంటే అక్కడ నేను. "మగాడు పోయి వరసలో నించుంటే కొట్టెవరు చూస్తారు?" అంటుంది అత్తగారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నించునీ నించునీ తొర్రెయోన్ ఊళ్ళో ఏ ఆఫీసులో ఏ కిటికీ ఎన్నింటికి మూస్తారో నాకు కంఠతా వచ్చు. కాబట్టి ఒక్కగానొక్క కూతురు అరేలీ పెళ్ళికి హోటల్‌తో రాసుకునే ఒప్పందం మీద సంతకం కూడా నాదే అయింది. ఇందులో నేను పన్నిన కుట్రేమీ లేదని ముందే చెబుతున్నాను.

పెళ్ళిళ్ళ వ్యవహారం చూసే అమ్మాయి పేరు పెర్లా. ఒక్కో పేజీ తిప్పుతూ ఓపిగ్గా చెప్పింది. ఆఖరి పేజీలో ఒక గడి ఖాళీగా ఉంది. "ఇక్కడ మా హోటళ్ళ క్లబ్బులో సభ్యులుగా చేరేవాళ్ళ పేరు రాయాలమ్మా. ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళ పేరు మీదే పాయింట్లు పడతాయి. హాలుకి, భోజనాలకి, మీ చుట్టాలు దిగే గదులకి, అన్నిటికీ. అవి పోగైతే మా కంపెనీ హోటళ్ళలో ఎక్కడైనా ఊరికే ఉండొచ్చు." మా ఆయన పేరు చెబుదామనే నోరు తెరిచాను. అలవాటు. ఈలోగా ఆ అమ్మాయి రంగుల పుస్తకం ఒకటి నా ముందుకి జరిపింది. అందులో ఒక కిటికీ. కిటికీకి వంపు తిరిగిన ఇనప కమ్మీ. అవతల సముద్రంలో మూడు దీవులు.

"ఇది మసత్లాన్ కదా?" అన్నాను.

"అవునమ్మా. పాత హోటలే. మా వాళ్ళు కొని రంగులేశారు. మీరు చూశారా?"

"నా పేరే రాయమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బయటికొచ్చి వ్యానెక్కితే ఎఫ్రేన్ "అయిందా?" అన్నాడు. "అయింది," అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. నేను అబద్ధమూ ఆడలేదు.

ఆ హోటల్లో నేను మూడేళ్ళు గదులు సర్దాను. పంతొమ్మిదో ఏట చేరాను, ఇరవై రెండో ఏట మానేశాను. రోజుకి పదహారు గదులు. పాత దుప్పట్లు లాగెయ్యడం, కొత్తవి పరచడం, మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి తొయ్యడం. గదికి ఇరవై నిమిషాలు. నాలుగో అంతస్తులో సముద్రం వైపు గదులు నా వంతు. దుప్పటి దులుపుతుంటే కిటికీలోంచి గాలొచ్చి దాన్ని పైకి లేపేది. అది కిందికి దిగేంతసేపు నాకు దీవులు కనిపించేవి కావు, దిగాక మళ్ళీ కనిపించేవి. రోజంతా నాకున్న సరదా అదే.

మా సూపర్‌వైజరు కూకాకి ఒకటే నియమం. వేసిన పక్క మీద కూర్చోకూడదు. చూసిపోవడానికొచ్చి, అరచేత్తో పరుపు నిమిరి, ఎవరైనా కూర్చున్నారో లేదో చెప్పేసేది. ఒకరోజు నడుం పట్టేసింది. పదహారో గది. పక్క వేశాక అంచున కూర్చున్నాను. అంతే, కూర్చుని చూశాను. ఒక పెద్ద పక్షి మధ్య దీవి మీదికి వెళ్ళి వాలింది. కూకా వచ్చి పరుపు నిమిరి, "ఈ మంచం నీ కోసం వేసింది కాదే పిల్లా," అంది. ఆ రోజు కూలి పోయింది. కూలి పోయినందుకు ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చాను, మెట్ల కింద, దుప్పట్ల బుట్ట పక్కన నించుని.

ఎఫ్రేన్ అక్కడే దొరికాడు నాకు. ఐసు మిషను బాగుచెయ్యడానికి వచ్చినవాడు నేను ఏడవడం చూసి, విషయం కనుక్కుని, నవ్వాడు. "నా ఇంటికొచ్చెయ్. నీ ఇష్టం వచ్చినంతసేపు కూర్చో. ఎవడూ లెమ్మనడు," అన్నాడు. అంతకంటే మంచి మాట అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు. ఆ మాట నమ్మి సముద్రాన్ని వదిలేసి, కొండలు దాటి, దుమ్ము తప్ప వాన ఎరగని ఈ ఊరొచ్చాను. మా నదిలో నీళ్ళు కూడా ఆనకట్ట వాళ్ళు దయతలచి వదిలినప్పుడే.

పాపం, ఎఫ్రేన్ ఎప్పుడూ లెమ్మనలేదు. ఈ ఇంట్లో లెమ్మనే పద్ధతి వేరు. నేను కూర్చోగానే, "ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, ఈ బొత్తాం కుట్టు," అంటారు. "ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, ఈ చిక్కుడు గింజలు ఏరు." "ఎలాగూ ఖాళీయేగా, మీ ఆడపడుచు పిల్లాణ్ణి కాస్త చూడు." కూర్చోవడం మా ఇంట్లో ఒక నేరం కాదు, ఒక ఉద్యోగ ప్రకటన. నేను కూర్చున్నానని తెలిస్తే చాలు, పనులు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చేవి. ఇక గదులు సర్దిన సంగతంటారా, పెళ్ళైన వారానికే అత్తగారు దాన్ని చెరిపేసింది. "మా కోడలు మసత్లాన్‌లో పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో ఉండేది," అని వీధంతా చెప్పింది. నన్ను పక్కకి పిలిచి, "పరాయివాళ్ళ పక్కలు ఎత్తిన పిల్లని తెచ్చుకున్నామని చెప్పుకుంటామా ఏంటి?" అంది. నా కూతురికి కూడా రిసెప్షన్ కథే తెలుసు. నేనూ దిద్దలేదు. తప్పు నాదీ ఉంది.

ఇన్నేళ్ళలో సముద్రం చూసింది రెండుసార్లు. రెండూ ఈస్టరు సెలవుల్లో, పద్నాలుగుమంది కలిసి ఇల్లు అద్దెకి తీసుకుని. వంటింటి కిటికీ వీధి వైపు ఉండేది. అలల చప్పుడు వింటూ చేపలు తోమాను. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు అత్తగారు, "సముద్రం సముద్రం అని చంపావు, చూశావుగా ఇక," అంది. చూడ్డం కాదు నాక్కావలసింది. దాని ఎదురుగా ఉండడం. చేతిలో ఏమీ లేకుండా, ఎవరూ పిలవకుండా, నా పక్క ఎవరో వేసి వెళ్ళాక, దాని మీద కూర్చుని. ఈ కోరిక ఎంత చిన్నదంటే ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేసేది. ఒక్కోసారి బట్టలు ఆరేస్తుంటే గాలికి దుప్పటి లేచేది. అది కిందికి దిగేంతసేపూ ఊపిరి బిగబట్టేదాన్ని. దిగాక కనబడేది పక్కింటి నీళ్ళ ట్యాంకు.

అందుకే పెర్లా చెప్పకముందే ఎన్ని రాత్రులొస్తాయో లెక్క అడిగాను. అన్నీ ఒకే బిల్లు మీద పడితే, ఊరి బయటనుంచి వచ్చేవాళ్ళందరూ అక్కడే దిగితే, మసత్లాన్‌లో ఏడు రాత్రులు వస్తాయంది. ఏడు! నాకు ఒక్కటి చాలు.

కాని ఒకే బిల్లు అన్నది మా వాళ్ళ దగ్గర అయ్యే పనా? మా దగ్గర పెళ్ళి ఒక ఇంటివాళ్ళు చెయ్యరు. కేకు ఖర్చు పెట్టుకునే పెద్దమనిషి కేకు పద్రినో, పూల ఖర్చు పెట్టుకునే ఆవిడ పూల మద్రినా, అలాగే పాటలకొకరు, మందుకొకరు. పెళ్ళి భారం తలా ఒక చెయ్యి వేసి మోస్తారు. మోసినవాళ్ళ పేరు మైకులో చదువుతారు. ఆ పేరు కోసమే మోస్తారని అనను గాని, చదవకపోతే మాత్రం మూడు తరాలు మాట్లాడుకోరు. ఎవరి వస్తువు వాళ్ళే కొని, వాళ్ళే మోసుకొచ్చి, అందరూ చూస్తుండగా దింపుతారు. ఇప్పుడు ఆ కేకూ, పూలూ, మందూ హోటల్ ద్వారానే తెప్పించాలి, డబ్బు హోటల్లోనే కట్టాలి. అప్పుడే బిల్లులోకి వస్తాయి.

వంట అయ్యాక, గిన్నెలయ్యాక, సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాను. అందరికంటే మా బావగారు, ఎఫ్రేన్ అన్న ఫిదెన్సియో, కేకు పద్రినో, మొండికేశాడు. "నా కేకు హోటల్ వాడు తెస్తే నేనేం పద్రినోనమ్మా? ఎఫ్రేనే కొన్నాడనుకుంటారు. నేను మూడంతస్తుల కేకు గుమ్మంలోంచి ఎత్తుకుని రావాలి, అంతే." ఆయనకి డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. కేకు హోటల్ వంటింట్లోంచే వస్తుంది, కాని వంటింటి తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా చక్రాల బండి మీద ఆయనే తోసుకొస్తాడు. ఆయన పేరు బంగారు అక్షరాలతో కేకు ముందు ఉంటుంది. దానికి కరిగాడు. మిగతావాళ్ళకీ అలాగే పేర్ల అట్టలు. అట్టలు నేనే రాశాను.

చుట్టాల గదుల దగ్గర అత్తగారితో పడింది. "ఇంట్లో మంచాలేమన్నా తగలబడ్డాయా? చివావా నుంచొచ్చే నా తమ్ముడి పిల్లల్ని హోటల్లో పడేస్తావా?" అని రెండు రోజులు మూతి ముడుచుకుంది. ప్రతి పెళ్ళికీ మా ఇంట్లో పదిహేనుమంది పడుకునేవాళ్ళు. నేను వంటింట్లో కుర్చీలో కునికేదాన్ని. పెళ్ళికి చేసే ఎర్రమిరప పంది కూర ఆవిడ చెప్పినట్టే వండాలని హోటల్ వంటవాణ్ణి ఒప్పించి, నేనే పక్కన నించుని నేర్పించాక గాని ఆవిడ మూతి మళ్ళీ సర్దుకోలేదు.

ఇంత తిరుగుడులో నేను చేసిన పొరపాటు ఒక్కటే. "ఎందుకమ్మా ఇదంతా?" అని అడిగినవాళ్ళకల్లా "పాయింట్లు వస్తాయి," అని చెప్పాను. ఎవరి పేరు మీదో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో ఒక ఇంటికి ఏదైనా వచ్చిందంటే అది ఆ ఇంటి మగవాడికి వచ్చినట్టే. నెల తిరిగేసరికి పాయింట్ల గురించీ, వాటికి సముద్రం ఒడ్డున ఏడు రాత్రులొస్తాయన్న లెక్క గురించీ కొట్టులో కుర్రవాడికి కూడా తెలిసిపోయింది. "నా పాయింట్లు పెరుగుతున్నాయా నోయెమీ?" అని ఎఫ్రేన్ అన్నం దగ్గర అడిగేవాడు. వాటితో తమ్ముళ్ళని తీసుకుని మోంతెర్రేలో ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్తానని ఒకసారి, వేటకని ఒకసారి. అత్తగారు సాన్ హువాన్ మేరీమాత దర్శనం అంది. "అందులో నా కేకు వాటా ఎంత?" అన్నాడు ఫిదెన్సియో బావగారు, సగం నవ్వుతూ, సగం నిజంగానే. వాళ్ళందరూ బల్ల చుట్టూ కూర్చుని నా సముద్రాన్ని పంచుకుంటుంటే నేను నించుని రొట్టెలు వడ్డించాను. చెప్పెయ్యాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చెబితే అడుగుతారు. అడిగితే ఇచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని నోరు మూసుకున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. ఆ రోజు దుమ్ము లేవలేదు, అదే పెద్ద దీవెన. ఫిదెన్సియో బావగారు కేకు బండి తోసుకొస్తుంటే అందరూ లేచి నించున్నారు, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మైకులో పద్రినోల పేర్లు చదివారు, గుళ్ళో జంట మోకాళ్ళ కింద వేసే దిళ్ళ పద్రినో దాకా. తల్లిదండ్రులు దేనికీ పద్రినోలు కారు. అందుచేత నా పేరు లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు, కాని చదవడం అయిపోయేదాకా ఎందుకో వింటూనే ఉన్నాను.

అప్పుడు ఎఫ్రేన్ గ్లాసు పట్టుకుని లేచాడు. కూతురి గురించి నాలుగు మంచి మాటలన్నాడు. తర్వాత, "ఈ పెళ్ళితో నాకు సముద్రం ఒడ్డున ఏడు రాత్రులొచ్చాయి. అవి నా పిల్లకీ అల్లుడికీ ఇస్తున్నాను. తండ్రి కానుక," అన్నాడు. హాలంతా చప్పట్లు. అరేలీ తెల్లగౌనుతోనే పరిగెత్తి వెళ్ళి తండ్రి మెడ కౌగిలించుకుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదే అనుకున్నాను, చప్పట్లు కొడుతూ. అవును, నేనూ కొట్టాను. నా పక్కనున్నావిడ "ఎంత మంచి తండ్రో," అంది. "మంచివాడే," అన్నాను. నిజంగానే మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే ఎప్పుడో తేలిపోయేది.

ఆ సాయంత్రం మిగిలినంతసేపూ నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పిల్లేగా. పరాయివాళ్ళా? కొత్త జంట, సముద్రం చూస్తారు. నువ్వు కడుపున మోసిన పిల్ల చూస్తే నువ్వు చూసినట్టు కాదా? కాదు. కాదని తెలుసు. అయినా ఇచ్చేద్దామనే నిశ్చయించుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున అదే హోటల్లో పెళ్ళి మర్నాటి ఫలహారం. వేడి పేగుల పులుసు, రొట్టెలు, కాఫీ. దగ్గరివాళ్ళం పాతికమందిమి ఉన్నాం. నేను కూర్చోలేదు, ఎవరికి ఏం కావాలో చూస్తున్నాను. పెర్లా ఆఖరి బిల్లు తీసుకుని వచ్చింది. ఎఫ్రేన్ జేబులోంచి పెన్ను తీశాడు.

"సంతకం అమ్మగారిది సార్," అంది పెర్లా. "ఒప్పందం, సభ్యత్వం రెండూ ఆవిడ పేరు మీదే ఉన్నాయి."

ఎఫ్రేన్ నన్ను చూశాడు, పెర్లాని చూశాడు, నవ్వేశాడు. "మా ఇంట్లో కాగితాలన్నీ ఆవిడవేలే. పిల్ల పేరుకి మార్చెయ్ నోయెమీ, ఆ సంతకమూ పెట్టెయ్." దానికి ఇంకో కాగితం ఉంటుందని పెర్లా మెల్లగా చెప్పి, అదీ తెచ్చి నా ముందు పెట్టింది. పెన్ను నా చేతికొచ్చింది. బిల్లు మీద పెట్టాను. రెండో కాగితం మీద నా పేరులో మొదటి అక్షరం పెట్టబోతున్నాను. నిజం. పెట్టబోతున్నాను.

"థాంక్స్ అమ్మా," అంది అరేలీ, రొట్టె తుంచుకుంటూ, ప్రేమగానే. "ఎలాగూ నువ్వెక్కడికీ వెళ్ళవుగా."

నా చెయ్యి ఆగిపోయింది. ఆ "ఎలాగూ" అత్తగారిది. నేను ఇరవై ఎనిమిదేళ్ళు తలొంచుకుని విన్నది, నా పిల్ల నా పక్కనే కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు ఈ సంతకం పెడితే రేపు దాని ఇంట్లో దాని మీదే ఎవరో ఒకరు ఆ మాట వాడతారు, అది కూడా ప్రేమగానే.

పెన్ను మూత పెట్టేశాను. "వెళ్తాను," అన్నాను.

"ఎక్కడికి?"

"మసత్లాన్‌కి. ఈ ఏడు రాత్రులూ నావి. నీకు నేను వేరే కానుక ఇస్తాను తల్లీ, ఇది మాత్రం ఇవ్వలేను."

"నలుగురిలో మాటిచ్చాను," అన్నాడు ఎఫ్రేన్, గొంతు తగ్గించి. నీది కానిదాన్ని ఇచ్చావు, అన్నాను. అంత మెల్లగా అన్నానంటే వినిపించిందో లేదో.

అరేలీ మొహం చిన్నబోయింది. చూడలేకపోయాను, కాని చూశాను. "ఒక్కదానివేనా? అక్కడ ఒక్కదానివీ ఏం చేస్తావమ్మా?"

"ఆ హోటల్లో నేను రిసెప్షన్‌లో ఉండేదాన్ని కాదే. గదులు సర్దేదాన్ని. నాలుగో అంతస్తులో రోజుకి పదహారు పక్కలు వేసేదాన్ని. ఒకసారి నడుం నొప్పొచ్చి కూర్చుంటే ఆ రోజు కూలి కోశారు." మీ నాన్నకి తెలుసు, అన్నాను. "ఇప్పుడు వెళ్ళి కూర్చుంటాను."

అత్తగారి చెంచా పులుసులోనే ఉండిపోయింది. ఎఫ్రేన్ బల్ల మీద పడ్డ రొట్టె ముక్కల్ని వేలితో ఒకచోటికి పోగుచేస్తున్నాడు. ఐసు మిషను దగ్గర తను అన్న మాట అతనికి గుర్తొచ్చినట్టుంది, మెడ దాకా ఎర్రబడ్డాడు. అరేలీ నన్ను చూసింది, అసలు ఎవరీవిడ అన్నట్టు. తర్వాత చెయ్యి చాచి, నా ముందున్న రెండో కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, తన కాఫీ కప్పు కింద పెట్టుకుంది.

ముందు తేరుకున్నది అత్తగారే. గొంతు సవరించుకుని, కళ్ళెత్తకుండా, "సర్లే," అంది. "ఎలాగూ నించునే ఉన్నావుగా, ఆ రొట్టెల బుట్ట ఇటందుకో."

బుట్ట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.